నెత్తి మీద మగ్గం గుంత

నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమున్నా, నా నోట్ల మిగిలిన రెండు పండ్లు ఇప్పుడే నీ ముంగట ఊడి పడాలె. ముందు ఊడినయి వయసుకు ఊడినయి, అబద్ధానికి గాదు. మా వాడకట్టోళ్ళు ఎవలన్నా నీకు వేరే తీరుగ చెప్తే నమ్మకు. వాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పుడు రాదు, అన్నీ తగ్గించి చెప్తరు.

సిద్దిరాములు మగ్గం మోగిందంటే మా వాడల పొద్దు పొడిచినట్టు. కోళ్ళు సుత ఆయన మొదటి దెబ్బ విన్నంకనే కూసేటియి. ఆయన పెండ్లాం నర్మద వాకిలి ఊడ్చి, అంబలి పొయ్యి మీద పెట్టి, రాట్నం ముందట కూసోని కండెలు చుట్టేది. ఆమె చుట్టుడు, ఆయన నేసుడు. నడుమ నడుమ ఒకరినొకరు తిట్టుకునుడు. ఆయన నేసిన ధోవతి ఆరేస్తే, దాని మీద ఈగ వాలినా ఆ బరువుకు దండెం ఒంగేది. అంత సన్నపు నేత. అంత నేసినా ఉండేది కిరాయి అర్రల. మనూరి బట్ట కట్టుకున్నోళ్ళందరికి ఇండ్లున్నయి, నేసినాయనకు లేదు.

మా దిక్కు మగ్గమంటే నేలల గుంత ఉండాలె. నేసేటాయన గుంత అంచున కూసోని కాళ్ళు లోపలికి విడుస్తడు. అడుగున తొక్కుడు కట్టెలుంటయి, వాటిని తొక్కుకుంట నేస్తడు. సొంత ఇల్లున్నోళ్ళకు ఫికర్ లేదు. కిరాయికుండేటోళ్ళకే పరేషాన్. తన ఇంటి నేలను తవ్వుకొమ్మని ఎవ్వడంటడు? అన్నా, ఖాళీ చేసేనాడు పూడ్చి పొమ్మంటడు. అవతలి ఇంట్ల మల్ల తవ్వాలె.

సిద్దిరాములుకు ఆ తిప్పలు లేదు. వాళ్ళ గుంత వాళ్ళెంబడి వచ్చేది. ఎప్పుడో వాళ్ళ తాత తవ్విన గుంత అది. తాత కాలం నుంచి ఇల్లు మారినప్పుడల్లా ఆ గుంతనే ఎత్తుకపోయేటోళ్ళు. వేరే ఇండ్లల్ల అత్త కోడలికి తాళంచెవులు అప్పజెప్తది. సిద్దిరాములు తల్లి యాదవ్వకు తాళం వేసుకునే ఇల్లే లేకపాయె. అందుకని కోడలికి గుంత ఎత్తుడు నేర్పింది. అంచు చుట్టూర గంజినీళ్ళు చిలకరించాలె. జరసేపు నాననియ్యాలె. ఒక దిక్కు గోరుతోటి లేపి, పెంక మీది జొన్నరొట్టెను తిప్పినట్టు మెల్లగ, చిరుగకుంట లేపాలె. నాలుగు మడతలు పెట్టి, గొంగట్ల చుట్టి, నెత్తి మీద పెట్టుకోవాలె. కింద నేల సాపుగ, అలికినట్టు మిగులుతది. ఇల్లు గలోళ్ళు వచ్చి నేల చూసుకోని, "మంచిగుంచిన్రు" అని పోయేటోళ్ళు.

ఒకపారి పాత ఇంటామె కోడిపెట్ట గుంతల ఉన్నది చూడక మడతపెట్టింది నర్మద. కొత్త ఇంట్ల పరిచే వరకు ఆ కోడి పిల్లలతోటి సహా బయటికొచ్చింది. పెట్ట నాది, పిల్లలు నీయి అని ఇద్దరు ఆడోళ్ళు పంచుకున్నరు.

ఖాళీ గుంత, దానికి బరువేముంటది అంటవేమో. నర్మద మెడ చూస్తే తెలుస్తది.

ఇగ యాదవ్వ ముచ్చట చెప్పాలె. కిరాయి ఇంట్ల పాణం పోవద్దు. ఇది ఎవ్వలు రాయని చట్టం. నైజాం పోయినా ఇది పోలే, ఆంధ్రప్రదేశ్ వచ్చినా పోలే. పోయినప్పుడు మంచి నక్షత్రం గాకపోతే ఆ ఇల్లు ఆర్నెల్లు తాళమేసి ఉంచాలె. పరాయోళ్ళ శవం కోసం ఎవడు తన ఇల్లు పాడువెట్టుకుంటడు? అందుకని మనిషి ఆఖరి ఊపిరి ఎగపోస్తుండంగనే బయటికి తీస్కపొమ్మంటరు. యాదవ్వను సుత అట్లనే తీసిన్రు. వాన పడుతున్నది. ఎడ్లబండి కింద గడ్డి పరిచి పండుకోబెట్టిన్రు. ఆమె కండ్లు తెరిచి, "కొడుకా, నేనేం తప్పు చేసిన్ రా, బయటేసిన్రు" అన్నదట. పాణం పోయినంక సుత ఆ మొఖం అడుగుతున్నట్టే ఉండె. నేను చూసిన.

ఆనాటి నుంచి సిద్దిరాములుకు ఒక్కటే కోరిక. బంగారం అడగలే, భూమి అడగలే. "నర్మదా, ఏమన్న కానీ. నన్ను మాత్రం నాలుగు గోడల నడుమ పోనియ్యి. మన గోడలు" అనేటోడు.

"పోవుడు ముచ్చట పొద్దుగాల పొద్దుగాల ఎందుకు. ముందు ఆ అంబలి పోనియ్యి లోపలికి" అనేది నర్మద.

మన జిల్లాలు ఆంధ్రప్రదేశ్ల కలిసిన కొత్తల, నేతగాళ్ళకు ఇండ్లు కట్టిస్తరని పుకారు లేచింది. పుకారు గాదు, నిజమే. మానేరు నది అవతలి దిక్కు బీడు భూమిల ముగ్గు పోసిన్రు. కొంత సర్కారు పెడ్తది, కొంత నేతగాడు ఏండ్ల మీద కిస్తులు కట్టుకోవాలె. షరతు ఒక్కటే. ఇదివరకు సొంత ఇల్లు ఉండొద్దు. ఆ మాట వినంగనే ఊర్ల సగం మందికి ఇండ్లు మాయమైనయి. రెండంతస్తుల మేడ గలాయన సుత వచ్చి, అది మా అత్తగారిది, నేను ఊకె మెట్ల మీద కూసుంట అన్నడు.

నేతగాళ్ళ సంఘం పనులు చూసే అంబదాస్ మహారాష్ట్ర సరిహద్దు, బోథ్ దిక్కు మనిషి. నెమ్మదిగున్నప్పుడు తెలుగు, కోపమొస్తే మరాఠీ. సిద్దిరాములును నిలబెట్టి అడిగిండు.

"నీకు ఇల్లు లేదని ఎవరు చెప్తరు?"

"నేనున్న ఇండ్లు గలోళ్ళందరు చెప్తరు సారూ. పిలిపియ్యాల్నా?"

"అద్దద్దు. ఊరంత వస్తది" అని అంబదాస్ నవ్విండు.

ఇండ్ల లిస్టుల సిద్దిరాములు పేరు వచ్చింది. మూల మీది ఇల్లు. ఒక అర్ర, ఒక వంటిల్లు, ముందట అరుగు, మీద గూనపెంకలు. పునాది పడ్డ నాటి నుంచి మొగడు పెండ్లాలు సందు దొరికితే చాలు, నది దాటి పోయి చూసి వచ్చేటోళ్ళు. గోడలు మోకాళ్ళెత్తు లేవంగనే నర్మద లోపలికి పోయి కూసోని, ఇది వంటిల్లు అని చేతులతోటి పొయ్యి ఊదేది. సిద్దిరాములు గోడకు పెయి ఆనించి ఊకె నిలబడేటోడు. కావలుండే రహీం అడిగేటోడు.

"ఏం జేస్తున్నవ్ సిద్దన్నా?"

"గోడను అలవాటు జేసుకుంటున్న."

"గోడకేం, అది ఆడనే ఉంటది. నువ్వు జర తిను. గోడకన్న నువ్వే సన్నగైనవ్" అనేటోడు రహీం.

నిజమే, సన్నగైండు. ఇంటి కోసమని ఎక్కువ నేసిండు. దూది నూగు గుండెలకు పట్టింది. నేతగాళ్ళకు కొత్త గాదు, దగ్గు లేని మగ్గం మా వాడల లేదు. కానీ సిద్దిరాములు దగ్గితే మాయింట్ల ఉట్టి ఊగేది.

ఇండ్లు పూర్తయినయి. ఇంజనీరు ఎక్కడి మనిషో, మంచోడే. నేతగాళ్ళకు మేలు చేద్దామని నేలంత నున్నటి బండలు పరిపించిండు. చూసేటందుకు పోయిన నేతగాళ్ళు నోర్లు తెరిచిన్రు. "కాళ్ళు ఏడ పెట్టాలె సారూ" అంటే, "కింద పెట్టుకోండి" అన్నడట. అందరు గడ్డపారలు ఏడ దొరుకుతయా అని చూస్తుంటే, సిద్దిరాములు ఒక్కడే నిమ్మళంగ ఉన్నడు. ఆయన గుంతకు బండయినా ఒకటే, మన్నయినా ఒకటే.

సున్నం వేసిన్రు, తలుపులకు పచ్చరంగు వేసిన్రు, తాళాలు వేసిన్రు. సర్కారు పెద్దసారు వచ్చి పట్టీ కత్తిరించినంకనే తాళంచెవులు ఇస్తమన్నరు. పెద్దసారు వస్తున్నడు అన్నరు. తోరణాలు కట్టిన్రు, ఎండినయి. మల్ల వస్తున్నడు అన్నరు. మల్ల కట్టిన్రు. మామిడిచెట్లకు ఆకులు లేకుంటయినయి గని ఆయన రాలే.

సిద్దిరాములును కరీంనగర్ దవఖానకు తీస్కపోయిన్రు. చూసి, "ఇంటికి తీస్కపొండి" అన్నరు. ఏ ఇంటికి అని నర్మద అడగలే.

అప్పుడు వాళ్ళున్నది కమలవ్వ ఇంట్ల. కమలవ్వ చెడ్డది గాదు. మొగడు లేడు, ఉన్న రెండర్రల మీది కిరాయే ఆమె బువ్వ. ఆనాడు పొద్దెక్కినంక వచ్చి, గడప అవతలనే నిలబడ్డది.

"నర్మదా, నాకు చెప్పెటందుకు నోరు వస్తలేదు బిడ్డా."

"రాకుంటె ఊకోరాదు అవ్వా."

"ఊకుంటె ఎట్ల. పంచాంగం అడిగిచ్చిన. రేపటి దాక నక్షత్రం మంచిది గాదట. ఆర్నెల్లు ఇల్లు మూస్తే నేనేం తినాలె, చెప్పు. నీకు నేను పరాయిదాన్నా?"

"కాదు. ఇల్లు పరాయిది" అన్నది నర్మద. కోపంగ అనలే, పోగు తెగింది అన్నంత మామూలుగ అన్నది.

కమలవ్వ కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది. ఏడ్చుకుంటనే బండి మాట్లాడి తెచ్చింది. బండిల పరిచేటందుకు తన పరుపు తెచ్చింది. నర్మద గుంత చుట్టూర గంజినీళ్ళు చిలకరించింది. నానే వరకు మొగనికి మొఖం కడిగి, తల దువ్వింది. గుంత లేపి, మడతపెట్టి, నెత్తిన పెట్టుకున్నది. నేల సాపుగున్నా మల్లొకపారి అలికింది. అలకకుంట ఏ ఇల్లు విడువలే ఆమె.

బండి ఎంబడి నేను సుత పోయిన. మానేరు ఇసుకల బండి దిగబడితే నేనొక్కదాన్నే నెట్టిన. ఎద్దులు ఊకె తోడుగ నడిచినయి.

మూల మీది ఇంటి తలుపుకు తాళమున్నది. రహీం లేచి ఎదురొచ్చిండు.

"తాళంచెవి నా దగ్గరుంటె తియ్యకపోదునా చెల్లె. అంబదాస్ సారు దగ్గరున్నయి. ఆయన ధర్మపురి నరసింహస్వామి గుడికి పోయిండు. పెద్దసారు దర్శనానికి వస్తే ఎంబడి పోయిండు. రేపు గాని రాడు."

నర్మద తలుపును చూసింది. కిటికీని చూసింది, దానికి ఇనుప సువ్వలున్నయి. బండిల సిద్దిరాములు ఎగపోస్తున్నడు. ఆయన కండ్లు మాత్రం ఆ పచ్చ తలుపు మీదనే ఉన్నయి. ఆమె నెత్తి మీది గొంగడి దించింది. గుంత మడతలు విప్పి అరుగు మీద పరిచి, ఒక అంచును తలుపు కిందికి తోసింది. రొట్టెను పెంక మీదికి జారగొట్టినట్టు మెల్లగ తోసింది. గడప కింద సన్నటి సందు, గాలి పోయేటంత. చాలు. సగం గుంత ఇవతల, సగం గుంత లోపల పరుచుకున్నది.

"జర పైలం. పెద్దసారు వస్తడని దర్వాజకు నిన్న మల్ల రంగేసిన్రు, చీరకంటుతది" అన్నడు రహీం. అని తనే సిద్దిరాములు కాళ్ళ దిక్కు పట్టుకున్నడు.

ఇవతలి నుంచి గుంతల దిగి, గడప కిందికెల్లి పోయి, అవతల లోపలికి ఎక్కిన్రు. రహీం మల్ల అట్లనే బయటికొచ్చిండు. నేనూ ఆయనా కిటికీ కాడ నిలబడ్డం. లోపల ఏమీ లేదు. కొత్త సున్నం వాసన. సిద్దిరాములు గుంత అంచున కూసున్నడు, ఎప్పటితీరుగ కాళ్ళు లోపలికి విడిచి. వెనుక గోడకు ఆనుకున్నడు. పక్కన నర్మద.

"సల్లగున్నది" అన్నడు.

"కొత్త గోడ గదా."

"కుండ ఆ మూలకు పెట్టు. వాకిలికి ఎదురు పెట్టకు."

"ఆ మూలకు పొయ్యి వస్తది."

"పొయ్యి బయట పెట్టు."

"సొంత ఇల్లయినంక సుత బయటనే వండాల్నా నేను. ముందు చెప్పకపోయినవు, పెండ్లే చేసుకోకపోదును."

సిద్దిరాములు నవ్విండు. నవ్వు దగ్గయింది. దగ్గు చానసేపున్నది. ఆ అర్రల కుండ లేదు, పొయ్యి లేదు, ఒక చెంచ సుత లేదు. ఆ ఇద్దరు పొద్దు వాలే దాక ఉట్టి ఏడ కట్టాలె, దేవునిగూడు ఏ దిక్కు, చుట్టాలొస్తే ఏడ పండుకోవాలె అని కొట్లాడుకుంటనే ఉన్నరు. నేను ఎన్నో సంసారాలు చూసిన. అంత పెద్ద సంసారం ఒక్క పూటల ఎవ్వలు చెయ్యలే.

గొడ్లు ఇండ్లకు మర్లుతున్నప్పుడు ఆయన అడిగిండు. "కమలవ్వ ఇల్లు అలికి వచ్చినవా?"

"అలికిన."

"ఇగ మనలను ఎవ్వలు లెవ్వుమనరు గదా."

"అనరు."

"అయితే జరసేపు పండుకుంట."

నర్మద ఆయన తల ఒళ్ళె పెట్టుకున్నది. లేపలే. అప్పుడూ లేపలే, తర్వాతా లేపలే. రహీం కిటికీ కాడికెల్లి జరిగి, టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. నేను అరుగు మీద కూసున్న. నాకు ఏడుపు రాదు, అందరికి తెలుసు. ఆనాడు మాత్రం మానేరుకు వరద వచ్చిందంటే అది నా వల్లనే.

తెల్లారి అంబదాస్ వచ్చిండు, నుదుటి మీద నరసింహస్వామి బొట్టుతోటి. కిటికీలకెల్లి చూసిండు.

"కాయ్ బాయీ, లోపలికెట్ల పోయిన్రు?"

"గుంతలకెల్లి సారూ."

"అట్లనా" అన్నడు. తాళంచెవి తీసిండు. చెప్పులు విడిచి అరుగెక్కిండు. పెద్దసారు తియ్యవలసిన తలుపు సిద్దిరాములు కోసం తీసిన్రు. ఇవతలున్న సగం గుంతను సుత నర్మద లోపలికి గుంజుకున్నది. ఆయన తన ఇంట్ల నుంచి, తన గడప దాటి, నలుగురి భుజాల మీద పోయిండు. ఎవ్వలు ఆయనను బయటికి తియ్యలే. వాళ్ళ వంశంల అట్ల పోయిన మొదటి మనిషి ఆయన.

దినాలు అయినంక అంబదాస్ మల్ల వచ్చిండు. తల వంచుకోని వచ్చిండు. సంఘం మనిషి పోతే ఇల్లు తర్వాతి పేరుకు పోతదట. నర్మద సంఘం మనిషి గాదు. కండెలు చుట్టేటోళ్ళను సంఘంల రాసుకోరు.

"సరే సారూ" అన్నది నర్మద. ఖాళీ చేసుడు ఆమెకు కొత్తనా. గుంత చుట్టూర గంజినీళ్ళు చిలకరించింది. నాననిచ్చింది. గోరుతోటి అంచు లేపబోయింది. లేవలే. మల్ల నీళ్ళు పోసింది. గోర్లు విరిగినయి, నెత్తురొచ్చింది. గుంత బండలల్ల దిగి పట్టుకున్నది. పరిచిన గుంత తీరుగ లేదు, తవ్విన గుంత తీరుగ అయింది.

"నేను పోతనే అంటున్న సారూ. ఇదే రాను అంటున్నది" అన్నది.

తర్వాతి పేరు దశరథంది. ఆయన సుత చిన్న పిల్లలతోటి కిరాయి అర్రలల్ల తిరుగుతున్నోడే, ఇంటి కోసం ఎదురు చూసి చూసి కండ్లు కాయలు కాసినోడే. పూడుస్త అని మానేరు ఇసుక తెచ్చి పోయించిండు. బండ్ల మీద బండ్లు పోసిన్రు. ఇసుకెంబడి నీళ్ళు సుత పోయి చేపలు ఎండల వీపులు కాల్చుకున్నయి గని గుంత నిండలే. ఆఖరికి, పూడ్చుడెందుకు, నేనే కూసోని నేసుకుంట అని దశరథం అంచున కూసోని కాళ్ళు లోపలికి విడిచిండు. వెంటనే తీసుకున్నడు. ఎవలన్నా అప్పుడే లేచిపోయిన జాగల కూసుంటే ఎట్లుంటది, అట్ల వెచ్చగున్నదట లోపల.

"సారూ, ఇల్లు ఖాళీ లేదు. మనిషున్నడు" అన్నడు.

అంబదాస్ వంగి గుంతల చెయ్యి పెట్టిండు. లేచి, ఆ ఇల్లు నర్మద పేరు మీద రాయించిండు. దశరథానికి ఇల్లొచ్చే వరకు ఇంకో నాలుగేండ్లు పట్టింది. ఆ నాలుగేండ్లు నర్మద ఆయన పిల్లలకు రోజు రొట్టెలు పంపింది.

ఇప్పుడామె ఆ మగ్గం మీద తనే నేస్తది. మా వాడల మగ్గమెక్కిన మొదటి ఆడిది. ఆయనంత సన్నగ రాదు గని గట్టిగ వస్తది. పొద్దుగూకితే మాత్రం అరుగు మీద పండుకుంటది. వానయినా, చలయినా. ఇంత ఇల్లు పెట్టుకోని బయటెందుకే అంటే, "లోపల ఆయన పండుకున్నడు. లేపుతనేమో" అంటది.

ఇంకొకటున్నది. కిరాయి ఇండ్లల్లకెల్లి ఎవలనైతే తీస్కపొమ్మంటరో, వాళ్ళను ఆమె తెచ్చుకుంటది. మొదట బీడీలు చుట్టే గంగుబాయి వచ్చింది. తర్వాత మా వాడ అజీజా వాళ్ళ బాపు వచ్చిండు. కులం అడగదు, నక్షత్రం అడగదు. గుంత అంచున పండుకోబెట్టి, కాళ్ళు లోపలికి విడుస్తది. వెచ్చగుంటదట. అక్కడ పోయినోళ్ళ మొఖాలు నేను చూసిన. ఒక్కటి సుత ఏమీ అడుగుతలేదు. కొందరు పోకుంట లేచి కూసుంటరు. ఒకాయన చావనీకని మూడుపార్లు వచ్చి, మూడుపార్లు కడుపునిండ తిని నడుచుకుంట పోయిండు. మల్ల రావాలంటే బియ్యం తెచ్చుకొమ్మన్నది నర్మద.

సరే, కథ అయింది. కూసున్నది చాలు, ఇగ లే బిడ్డా. నేను కిరాయికుంటున్న ఈ అర్ర గలాయన పొద్దున్నుంచి నా గడప కాడ తచ్చాడుతున్నడు. "ఎట్లున్నవ్ అవ్వా, పాణం మంచిగున్నదా" అని అడుగుతున్నడు. అంత ప్రేమగ ఎన్నడు అడగలే. నువ్వు నది దాటి నర్మదింటికి పో. గుంత కాడ ఇయ్యాల జాగ ఉన్నదా అని అడుగు. ఎవలికి అంటది. నా పేరు చెప్పు. బియ్యం నేనే తెచ్చుకుంటనని సుత చెప్పు. వచ్చేటప్పుడు బండి ఎంబడి తోలుకోని రా. తొవ్వల రెండు తమలపాకులు తెచ్చుడు మరువకు, సున్నం నా దగ్గర్నే ఉన్నది.